ముగ్గు మీద బండి

ముగ్గు ఎవరి కోసం వేస్తారన్నది నాకు చాలా ఏళ్లుగా ఉన్న సందేహం. లక్ష్మీదేవి కోసమని మా అమ్మ చెప్పేది. చీమలకింత పిండి దొరకాలని గుళ్లో అయ్యవారు చెప్పాడు. ఇప్పుడు వేస్తున్నది రాతిపొడి కదా, చీమలేం తింటాయి సామీ అని అడిగితే ఆయన నవ్వి తీర్థం పోశాడు. మా ఇంటావిడ మునిరత్నమ్మను అడిగితే, "నీకు అంగట్లో పనేం లేదా?" అంది.

సందేహం ఉన్నా ముగ్గు తొక్కడం నా వల్ల కాదు. మా వీధిలో ఎవరి వల్లా కాదు. ఈ చలికాలం మేమంతా జరిమానాలు కట్టింది అందుకే.

మదనపల్లెలో మార్కెట్టు వెనక వీధి మాది. ఒక పక్క ఇళ్లు. ఎదురుగా కళ్యాణమండపం గోడ, దాని వెంబడి మురుగు కాలువ. కాలువ మీది బండలు ఊడిపోయి ఎన్ని ఏళ్లయిందో. మండపంలో తిన్న ఎంగిలాకులన్నీ అందులోనే కుళ్లుతుంటాయి. బాగు చేయమని ఎన్ని అర్జీలిచ్చినా రాని మున్సిపాలిటీవాళ్లు, మంచు పడే కాలం వచ్చేసరికి ఒక బోర్డు మాత్రం పాతి వెళ్లారు. వేకువన పొగమంచులో టమోటా లారీలకు దారి కావాలట. చలి నెలలు గడిచేదాకా బేసి తేదీల్లో బండ్లు గోడ పక్కన, సరి తేదీల్లో ఇళ్ల పక్కన పెట్టాలి. నాలుగు నుంచి ఎనిమిది లోపల తప్పు పక్కన కనబడితే చలానా.

చదివితే న్యాయంగానే ఉంది. రాసినాయన ధనుర్మాసం సంగతి మరిచిపోయాడు, అంతే. నెల పట్టిందంటే మా ఆడవాళ్లు చీకటితోనే లేచి పేడనీళ్లు చల్లి, గడప నుంచి సగం రోడ్డు దాకా ముగ్గులు వేస్తారు. నడుమ గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడిపూలు. సరి తేదీన బండి నిలపాల్సింది సరిగ్గా వాటి మీదే. ఎవరు నిలుపుతారు? అందరం ఆ కంపు పక్కనే పెట్టుకున్నాం.

మంకీ టోపీ పెట్టుకున్న కానిస్టేబులు ఒకాయన బైకు మీద వచ్చేవాడు. దిగడు, పలకరించడు. ఫోను పైకెత్తి ఒక్కో బండినీ ఫోటో తీసుకుని పోతాడు. మేము కాఫీ తాగేలోపల చలానా వచ్చినట్టు సెల్లు మోగుతుంది. నిలబడి నాలుగు తిట్టినా ఇంత రోత పుట్టేది కాదు. ఈ నెలలో పెళ్లిళ్లు లేవు గనక మండపాన్ని మీటింగులకిస్తారు. మీటింగున్న రోజు వేకువ నుంచే రెండు పక్కలా కార్లు నిలబడి మనిషి నడిచే సందు కూడా ఉండదు. ఆ రోజు ఆయన ఫోను జేబులోనుంచి బయటికి రాదు.

ఒక్క పక్కింటి జయమ్మే ఆయన్ని మాట్లాడించగలిగింది.

"పొద్దే పుట్టలా, నీకు తేదీ ఎట్ల మారిందప్పా?"

"రాత్రి పన్నెండుకే మారిందమ్మా."

"పన్నెండుకు లేసేది దయ్యాలు నాయనా, తేదీలు కాదు."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఆమె కొడుకు బైకు ఫోటో తీశాడు.

అందరికంటే ఎక్కువ చలానాలు పడింది చిన్నస్వామికి. మా వెనక పోర్షన్లో బాడుగకుంటాడు. ఉన్నదల్లా ఒక మినీ వ్యాను. నిమ్మనపల్లెలో కూరగాయలెత్తుకుని, పుంగనూరు మీదుగా కుప్పం సంతకు వేసి, పొద్దుపోయాక తిరిగొస్తాడు. ఇంకొక్క చలానా పడితే బండి ఎత్తుకుపోతామని అతనికి మెసేజీ వచ్చింది. బండి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇద్దరం స్టేషనుకు పోయాం.

"ముగ్గులుంటాయి సార్, యాడ పెట్టేది?" అన్నాడు చిన్నస్వామి.

"చిన్నదిగా ఎయ్యమను," అన్నాడు రైటరు తలెత్తకుండా.

"చిన్నదైనా తొక్కలేం కదా సార్. మీ ఇంట్లో ఎయ్యరా?" అని నేను మెల్లగా అడిగాను.

"యాల ఎయ్యరు? ఇంత పెద్దది ఏస్తారు. మా వీధిలో బోర్డు లేదులేప్పా." పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. "ఇంకొకటి పడిందంటే బండి ఈడికొస్తాది. అప్పుడు దాని సుట్టూ ఏసుకోండి ముగ్గు."

బయటికొచ్చాక చిన్నస్వామి కాండ్రించి ఉమ్మాడు. "పేడ తొక్కినా కడుక్కుంటే పోతాది గంగాధరన్నా. ఈళ్ల మాట కడిగినా పోదు."

అప్పటి నుంచి అతను బండిని ఊరి బయట పెట్రోలు బంకులో నిలిపి నడిచి వచ్చేవాడు. ఒక రాత్రి దారిలో టైరు పంక్చరై బాగా ఆలస్యమైంది. నాలుగు లోపలే తీసేద్దామని గోడ పక్కన ఆపి పడుకున్నాడు. ఒళ్లెరగని నిద్ర పట్టింది.

తెల్లవారితే సరి తేదీ. నేను గుడి నుంచి పొంగలి దొప్పతో వస్తున్నాను. వీధి మొదట్లో క్రేను తిరుగుతోంది, ముందు మంకీ టోపీ. పరుగెత్తి వెనక పోర్షను తలుపు బాదాను. చిన్నస్వామి లుంగీ ఎగగట్టుకుని తాళంచెవితో వచ్చాడు. వీధికి ఈ కొసన క్రేను, ఆ కొసన టమోటా లారీ. బండికి మిగిలిన చోటు మా వాకిలి ఒక్కటే.

"ఇంటి పక్కకు తిప్పుకుంటే తిప్పుకో, లేదంటే కొక్కెం ఏస్తా," అన్నాడు కానిస్టేబులు.

చిన్నస్వామి ముగ్గు వైపు చూశాడు. ఇంకా తడి ఆరలేదు. "వద్దులేన్నా," అన్నాడు నాతో. "ఎత్తుకోనీ."

మునిరత్నమ్మ మెట్టు దిగింది. కూర్చుని గొబ్బెమ్మల్ని ఒక్కొక్కటే తీసి కొంగులో వేసుకుంది.

"తిప్పప్పా చిన్నసామీ."

"నెల పట్టిన ముగ్గమ్మా. నేను తొక్కను."

"నేను చెప్తాండాను కదా. తిప్పు."

అతను చెప్పులు విడిచి ఉత్త కాళ్లతో బండెక్కాడు. చక్రాలు ముగ్గును అడ్డంగా చెరుపుకుంటూ వచ్చి మా గడప ముందు ఆగాయి. కానిస్టేబులు అలవాటుగా ఫోనెత్తి, మళ్లీ దించుకున్నాడు.

"ఈ పని మొదట్నే సేసుంటే మాకు తిరుగుడు తప్పేది కదమ్మా," అన్నాడు.

బిందెలో పడి చచ్చిన ఎలుకను చూసినట్టు చూసింది ఆయన్ని మా ఆవిడ. క్రేను వెనక్కి మళ్లుతూ జయమ్మ ముగ్గును నలిపేసి పోయింది. దానికి చలానా రాసేవాడు లేడు.

చిన్నస్వామి తల దించుకుని బండి దిగాడు. "తప్పయిపోయిందమ్మా."

"తప్పు నీది కాదులే. మా అమ్మ పోయిన పొద్దు బాడుగ తీసుకోలేదే నువ్వు?"

నిజమే. బందు జరుగుతూ బస్సులు నిలిచిన రోజు పుంగనూరులో మా అత్తగారు కాలం చేస్తే, ఈ బండిలోనే మమ్మల్ని తీసుకుపోయి దినకర్మలయ్యాక తీసుకొచ్చాడు. చావుకు పోయిన బండికి బాడుగ తీసుకోనని చేతులు జోడించాడు. తర్వాత ఎన్నిసార్లు ఇవ్వబోయినా అంతే. అది మా ఆవిడకు కాల్లో ముల్లులా ఉండిపోయింది.

"ఇదే ఆ బాడుగ. ఇప్పుడన్నా తీసుకో," అంది.

చిన్నస్వామి చక్రాలకు అంటుకున్న తెల్లపొడిని చూశాడు.

"తీసుకుంటినమ్మా," అన్నాడు.