మావాడేనండీ

ఆ పొద్దున అప్పారావు చెయ్యాల్సిన పనులు ఇవి. రెండు రసాల మామిడిచెట్ల మధ్య కట్టిన ఏరియల్ తీగ బిగించాలి. రేడియో పెట్టెలోని పెద్ద వాల్వు గాజు మీద వేలిముద్రలు లేకుండా పొడిగుడ్డతో తుడవాలి. ఫిలమెంటు వేడెక్కాకే హైటెన్షన్ కరెంటు ఇవ్వాలని రామచంద్రరావుకి మళ్లీ చెప్పాలి. అమ్మ నాగమణి ఉతికిన తెల్లచొక్కా వేసుకోవాలి.

చొక్కా ఎందుకంటే, ఆవేళ వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడు. అరవై ఒకటో సంవత్సరం మాట. నూజివీడు మామిడికాయల వ్యాపారి కొడుకు రామచంద్రరావుకి, సరదాకి ఇంటినుంచే రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు ఉంది. లైసెన్సు ఆయనదే గాని, మాటని దూరదేశాలకి మోసే ఆ ట్రాన్స్‌మిటర్ పెట్టె కట్టింది అప్పారావు. వాళ్ల మామిడితోట కూలీల ఇంట్లో పుట్టి, ఆయనతో పాటే బి.ఎస్సీ. ప్యాసైనవాడు.

"కట్టింది నువ్వేనని ఇన్‌స్పెక్టరు గారితో నేను చెప్తాగా! ఆయన ఒక్క ముక్క రాసిచ్చాడంటే రేడియో స్టేషన్లో ఉద్యోగం నీదేరా" అనేవాడు రామచంద్రరావు. ఎవరొచ్చినా భుజం మీద చెయ్యేసి "మావాడు" అని చూపించేవాడు. ఆ మాటకే మురిసిపోయి అప్పారావు ఏడాదిపాటు రాగితీగ చుట్టలు చుట్టాడు.

ఇన్‌స్పెక్టరు వంగి పెట్టెలోకి చూశాడు. "భలే పొందిగ్గా ఉందే! ఎవరు కట్టారండీ?"

"నేనేనండీ" అన్నాడు రామచంద్రరావు.

తను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు అప్పారావు.

"మరి ఇతనెవరు?"

"మావాడేనండీ."

"తోటలో చేస్తాడా?"

"ఆఁ... వీళ్ల నాన్న హయాం నుంచీ మా దగ్గరేనండీ."

అబద్ధమేం కాదు. నాన్న ఆ తోటలోనే కాయలు కోశాడు. అయితే ఇన్నాళ్లూ తను స్నేహితుడనుకుని విన్న మాటకి అర్థం పాలేరనా?

"ఏదీ, ఆన్ చెయ్యండి."

స్విచ్చి వేశాక మీటరు సూది చటుక్కున కిందికి దిగేచోట ట్యూనింగ్ నాబు ఆపాలి. రామచంద్రరావు ఇన్‌స్పెక్టరు వంక చూసి నవ్వుతూ అటూ ఇటూ తిప్పుతున్నాడు. వాల్వులో ప్లేటు ఎర్రబడింది. ఇంకాస్త ఊరుకుంటే వాల్వు మాడిపోతుంది, దాంతో పాటే ఆయన గొప్పా. ఊరుకుందామనే అనుకున్నాడు అప్పారావు. చెయ్యి ఊరుకోలేదు. ముందుకు చాచి నాబు తిప్పాడు. సూది దిగింది, ఎరుపు చల్లారింది.

"పనివాడు చురుకైనవాడేనండోయ్!" మెచ్చుకున్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏదో, మనం నేర్పిందేనండీ. ఒరేయ్, రెండు కొబ్బరిబోండాలు పట్రా!"

అప్పారావు గుమ్మం దాటాడు. బోండాలు తేలేదు, ఆ తోటలో మళ్లీ అడుగు పెట్టలేదు. జి. కొండూరు దగ్గర ఒక బళ్లో సైన్సు మాస్టరుగా చేరాడు.

ఊళ్లో ఇప్పటికీ అది రామచంద్రరావుగారు కట్టిన ట్రాన్స్‌మిటరే. చదివిన మీరైనా గుర్తుపెట్టుకోండి. దాన్ని కట్టినవాడు తోటకూలీ నాగమణి కొడుకు, అప్పారావు, బి.ఎస్సీ.