బుధవారం పన్నెండుంబావు విమానం

నేను ఒక నల్ల గొడుగుని. వంకీ పిడి, ఎనిమిది ఊచలు, అందులో ఒకటి కాస్త వంకర. ఎక్కడ పుట్టానో గుర్తులేదు గానీ నన్ను కొన్నది శేషారత్నం. తిరుపతిలో కాపురం పెట్టిన కొత్తలో, రాజమండ్రిలో ఉన్న అక్క భ్రమరాంబగారికని కొని పంపింది.

మా భ్రమరాంబగారు మంచావిడే, పంచాంగంతోనే చిక్కు. వర్జ్యం చూడందే కూరలకి కూడా కదలరు. శేషారత్నం కొడుకు పెళ్లికి పెట్టిన ముహూర్తం బాగోలేదని ఆ పెళ్లికే వెళ్లలేదు. ఆ కుర్రాడు పెళ్లాంబిడ్డలతో నిక్షేపంలా ఉన్నాడు. మాటలు పోయింది అక్కచెల్లెళ్లకే. తొమ్మిదేళ్లు!

అంతలో తిరుపతిలో శేషారత్నానికి గుండె ఆపరేషనని కబురొచ్చింది. బుధవారం సాయంత్రం నాలుగింటికి. లోపలికి తీసుకెళ్లేలోగా ఒక్కసారి కళ్లారా చూడాలని భ్రమరాంబగారి తపన. దొరికిన విమానమేమో మధ్యాహ్నం పన్నెండుంబావుకి. నాలుగువందల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం, గంటా ఇరవై నిమిషాలు. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర. అంటే ఎక్కడం మొదలు దాదాపు దిగేదాకా రాహువు ఒళ్లోనే.

దానికీ మనవాళ్ల దగ్గర ఉపాయముంది. మంచి ఘడియలో మన వస్తువొకటి ఎదురింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైపోయినట్టే. ప్రస్థానం ఉంచడమంటారు. వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోవాలి, అంతే. చెల్లెలిచ్చిన వస్తువే శుభమని, సోమవారం పొద్దున్నే నన్ను ఎదురింటి మంగతాయారుగారి బీరువా పక్కన ఆనించి వెళ్లారు.

అలా నిలబడ్డచోటే నా ప్రయాణం మొదలైంది. రెండు రోజులూ కిటికీలోంచి మబ్బులు చూస్తూ కలలు కన్నాను. బతుకంతా వాటిని కిందనుంచి కాచుకున్నదాన్ని. పైనుంచి చూస్తే అవి దూదిలా ఉంటాయట, తడి తగలదట. అక్కడ గొడుగుకి పనేముంటుంది? హాయిగా పడుకోవచ్చు.

బుధవారం ఆటో వచ్చింది. కంగారులో నన్ను మరిచి ఎక్కేశారు భ్రమరాంబగారు!

ఎయిర్‌పోర్టు నుంచి మంగతాయారుగారికి ఫోను. నాకోసం వెనక్కొస్తే విమానం వెళ్లిపోతుంది. నేను లేకుండా ఎక్కితే ఉత్త రాహుకాలమే. ఆటోలో పట్టుకొస్తానన్నారు మంగతాయారుగారు. ఈలోగా తలుపులు మూసేస్తారట.

"ఉండనీండి మంగతాయారుగారూ," అన్నారు చివరికి. "ముహూర్తాలు చూసే కదండీ తొమ్మిదేళ్లు పోగొట్టుకున్నాను."

కాసేపటికి ఇంటిమీంచి విమానం చప్పుడు వెళ్లింది. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, తర్వాత ఎందుకో గర్వంగా అనిపించింది.

రెండు నెలలకి అక్కతోపాటు శేషారత్నమూ మంగతాయారుగారింటికి వచ్చింది, బాగా చిక్కిపోయి. ఆరోజు ఆస్పత్రి మంచం దగ్గర అక్క తన చెయ్యి పట్టుకుని అన్న మాట మంగతాయారుగారికి తనే చెప్పింది.

"నీ దగ్గరికి గంటా ఇరవై నిమిషాలేనే రత్నం. నాకు తొమ్మిదేళ్లు పట్టింది."

చెబుతూ చెబుతూ బీరువా పక్కన నన్ను చూసింది. దుమ్ము దులిపి, ఆ నట్టింట్లోనే ఠప్పున తెరిచింది. ఇంట్లో గొడుగు తెరవకూడదని మంగతాయారుగారు నోటిమీద చెయ్యి వేసుకున్నారు.

భ్రమరాంబగారు మాత్రం వచ్చి చెల్లెలి పక్కన, నా కింద నిలబడ్డారు.