ఈ మైకుకీ ఆ మైకుకీ మధ్య

పొద్దున్నే ఆరింటికి ఆవిడ గొంతు సవరించుకుని మైకు నొక్కగానే హాల్లో అందరూ మాటలాపేసేవాళ్లు. విమానం ఏ గేటు నుంచి బయల్దేరుతుందో వినడానికి కాదు, ఆవిడ గొంతు ఎలా ఉందో వినడానికి.

ఆవిడ ఈ విమానాశ్రయంలో అనౌన్సరు. ఆవిడ మొగుడు అవతలి విమానాశ్రయంలో అనౌన్సరు. రెంటికీ మధ్య ప్రయాణం గంటా పది నిమిషాలని టికెట్టు మీద అచ్చువేసేవారు గానీ, అది ఏనాడూ నిజం కాలేదు. మొగుడూ పెళ్లాం సఖ్యంగా ఉన్నరోజు విమానం నలభై నిమిషాలకే దిగేది. ఫోన్లో మాటా మాటా అనుకున్నారంటే రెండు గంటలు. ఎవరైనా ప్రయాణ సమయం అడిగితే ఎంక్వయిరీ కౌంటరు బాబాయి, "ఉండండి, మా అనౌన్సరమ్మాయిని అడిగి చెబుతా" అనేవాడు.

మూడు నెలల కిందట, అక్కడి ఉద్యోగం పర్మినెంటు చేస్తామంటే, వాళ్లాయన పెళ్లానికి మాటమాత్రమైనా చెప్పకుండా సంతకం పెట్టేశాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. విమానానికి ఐదు గంటలు పట్టడం మొదలైంది. కింద అవే కొండలు, అదే నది, కాకపోతే ఎంతకీ తరగవు.

"ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ ఉన్నంతసేపంటారు," అన్నాడు వారానికి రెండుసార్లు వెళ్లొచ్చే మందుల కంపెనీ ఆయన, నడుం పట్టుకుని. "మీ గింజేంటమ్మా, మూడు నెల్లయినా జారదు?"

"అద్దమే పగిలింది లెండి," అంది.

నిజంగానే అలా అనుకుంది. లాయరు చేత విడాకుల కాగితాలు రాయించి, సంతకం పెట్టింది. పోస్టులో పంపితే పిరికితనం అవుతుంది, మొహం చూసి మరీ ఇవ్వాలని సెలవు పెట్టి టికెట్టు కొంది.

ఆవిడ విమానం ఎక్కుతుంటే అందరి గుండెల్లో రాయి పడింది. మందుల కంపెనీ ఆయన మెడకింద దిండు, మర్నాటికో చొక్కా తెచ్చుకున్నాడు. ఎయిర్ హోస్టెస్ రెండు పూటల భోజనాలు ఎక్కించింది. పైలటు స్వయంగా వచ్చి, "ట్యాంకు నిండా పోయించానమ్మా. పది గంటలైనా పర్లేదు, మీరు కానివ్వండి" అని ధైర్యం చెప్పాడు.

ఆవిడకీ అదే కావాలి. ఏ మాట ముందనాలో, ఏది తర్వాతో దారిలో నిదానంగా కూర్చుకోవచ్చు. విమానం లేచింది. కళ్లు మూసుకుని, 'నన్నొక్క మాట అడగాలనిపించలేదా?' అని మనసులో మొదలుపెట్టింది. రెండో మాట కోసం వెతుక్కుంటుండగానే చక్రాలు నేలకి తగిలాయి.

ఇంకా ఎవరూ బెల్టులైనా విప్పుకోలేదు. నాలుగు నిమిషాలు.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు మందుల కంపెనీ ఆయన.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. కోపంగా ఉన్నానని ఊరంతా చాటుకుంది కదా, ఇప్పుడు మొహం ఎక్కడ దాచుకోవాలి? మూడు నెలల తర్వాత మొగుణ్ణి చూడబోతున్నానని మనసు తనకి చెప్పకుండానే పరిగెత్తింది. ఎంత బెంగపెట్టుకుందో అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకుని, కవరు పట్టుకుని మెట్లు దిగింది.

హాల్లో మైకు గరగరమంది. "ఇప్పుడే బయల్దేరిన విమానం... వచ్చేసింది. ప్రయాణ సమయం..." మైకు ఆపకుండానే మొగుడు కుర్చీ తోసుకుని పరిగెత్తిన చప్పుడు హాలంతా వినపడింది.

ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, రొప్పుతూ. కవరు వంక చూశాడు.

"నిన్నడిగి సంతకం పెట్టాల్సింది," అన్నాడు.

ఆవిడ కవరుని రెండుగా మడిచింది.

"అయితే ఇప్పుడడుగు," అంది.