అరగంట ముందున్న సముద్రం

నేను ఒక మీటల ఫోనును. సొంత కాలమన్నది లేని కాలజ్ఞుణ్ణి. ఏ దేశపు గాలిలో పడితే ఆ దేశపు టవరు నా చెవి పట్టుకుని ‘ఇదీ సమయం’ అంటుంది. చిత్తమనడమే నేను నేర్చిన ఏకైక విద్య.

నా మొదటి యజమాని దానయ్య సరుకు ఓడల్లో నావికుడు. ఆయన జేబులో పడి దుబాయిలో గంటన్నర వెనక్కి, సింగపూరులో రెండున్నర గంటలు ముందుకు నడిచాను. పరదేశపు టవర్లతోనూ మాట్లాడగల సిమ్ము నాలో ఉండేది. మనుషులు దీన్ని దేశాటనమంటారు. నాకు మాత్రం అది రేవు రేవునా మాట మార్చడం. అలసిపోయాను. కొత్త ఫోను కొన్ననాడు దానయ్య నన్ను సిమ్ముతో సహా బావమరిది ఎల్లాజీకి దానం చేశాడు. పాత వస్తువును వదిలించుకునే వేళ మనుషుల ఔదార్యం అపారం.

ఎల్లాజీ విశాఖ రేవులో చేపల బోటు నడిపే సరంగు. వలను నీట దించి, మూడు గంటలు ఈడ్చి, పైకి లాగాలి. ఆ గడువు తీరగానే అలారం మోగించడమే నా కొత్త కొలువు.

ఒక వేటలో, ఉత్తరాన బెంగాల్ సముద్రం దాకా పోయాక, దారి చూపే యంత్రం ఉప్పునీరు తాగి కన్నుమూసింది. చేపలు తూర్పున పడుతున్నాయని ఎల్లాజీ అటే పోనిచ్చాడు. మర్నాడు ఉదయం ఎనిమిదికి వల దించి, పదకొండుకు నన్ను మోగమన్నాడు. కాసేపటికి, రోజుల తరబడి నిశ్శబ్దంగా ఉన్న నా చెవిలో ఒక టవరు పలికింది. ఎవరని అడగడం నా మర్యాద కాదు. అది చెప్పిన సమయాన్ని శిరసావహించి, పదకొండు కాగానే మోగాను.

పొయ్యి దగ్గర నుంచి నూకన్న తలెత్తాడు. ఎల్లాజీకి మేనమామ, బోటుకు వంటవాడు.

“అప్పుడే పదకొండేట్రా? గంజింకా వార్చనేదు!”

“ఫోను కూత్తంది గదా మావా. నీ పొయ్యే నిద్రోతంది.”

“నా వాచీలో పదిన్నరే అయినాది.”

“నీ వాచీకీ నీకూ ఒకటే వయసు!”

కళాసీలు ఘొల్లుమన్నారు. నూకన్న నన్ను తీసి తన వాచీ పక్కన పెట్టుకున్నాడు. సరిగ్గా అరగంట తేడా. ఆయన ముఖం పాలిపోయింది. వెనకటికి ఒకసారి హద్దు దాటి, బంగ్లాదేశ్ గస్తీకి చిక్కి, ఐదు నెలలు అక్కడి జైలులో ఉన్నవాడాయన. గోడ గడియారంలో అరగంట తీసేసి, ఈ వేళకు ఇంటి దగ్గర పెళ్లాం ఏం చేస్తూ ఉంటుందోనని రోజూ ఊహించుకునేవాడట.

“ఇది ఆళ్ల టైమురా అల్లుడా! ఆళ్ల నీళ్లలో ఉన్నాం!”

ఎల్లాజీ చూపు వల తాళ్ల మీదికి పోయింది. అవి బరువుకు మూలుగుతున్నాయి. “నిండు వల మావా. ముప్పావుగంటలో నాగీదాం.”

“వల మల్లీ అల్లుకుంతాం. ఈ ఏడుగురి ఇళ్లల్లో నువ్వేటని సెప్తావు?”

తూర్పు అంచున బూడిదరంగు చుక్క ఒకటి పెద్దదవుతోంది. ఎల్లాజీ కత్తి తానే అందుకున్నాడు. రెండు తాళ్లూ తెగాయి, బోటు పడమరకు తిరిగింది. ఆ చుక్క చాలాసేపు వెంట వచ్చి, ఒకచోట ఆగి, చిన్నదైపోయింది.

ఏనాడూ ఒక్క ఘడియనైనా సొంతబుద్ధితో చెప్పని నా దాస్యమే ఏడుగురికి స్వాతంత్ర్యమిచ్చింది. ఈ కీర్తిని ఎక్కడ దించుకోవాలో ఇప్పటికీ తెలియదు.

కొన్ని రోజుల ప్రయాణం తరువాత మన తీరపు టవరు పిలిచింది. అరగంట వెనక్కి వచ్చాను. నూకన్న నన్నూ వాచీనీ మార్చి మార్చి చూసి, “ఆ అరగంట ఆళ్లకే వొగ్గేసినాం” అన్నాడు. అప్పుడు, జైలు భయం పూర్తిగా తీరాక, పోయిన వల కోసం ఎల్లాజీ తీరిగ్గా ఏడ్చాడు.

ఆ టవరు గొంతు మళ్లీ వినబడే చోటికి జన్మలో పోనని ఎల్లాజీ ఒట్టు వేసుకుని, ఇక దానితో పని లేదని నాలోంచి సిమ్ము తీసేశాడు. బోటులో ఒక మేకుకు వేలాడుతున్నాను. దిద్దేవారు లేక నా గడియారం రోజుకు రెండు సెకన్లు వెనకబడుతోంది. తప్పే కావచ్చు, కాని ఇది నాకు ఎవరూ చెప్పినది కాదు.