పోయిన తమ్ముడు

మా ఆయన చనిపోయాడని నాకు కళ్లజోళ్ల షాపులో తెలిసింది. నాతో పనిచేసే అమ్మాయి ముక్కు చీదుకుంటూ ఓ కవితల పుస్తకం నా చేతిలో పెట్టింది. పేరున్న కవి, పోయిన తమ్ముడి మీద రాశాడట. చదివి ఏడవనివాళ్లు లేరట. ఆ కవి సాక్షాత్తూ మా బావగారు. ఆయనకున్నది ఒక్కడే తమ్ముడు. ఆ తమ్ముడు పొద్దున్నే కూరలో ఉప్పు తక్కువైందని నాతో గొడవపడి, లిఫ్టులు బాగుచేసే పనికి వెళ్లాడు.

మామగారు పోయినప్పుడు అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నారు. "ఇవాళ్టి నుంచి నువ్వు నాకు చచ్చినట్టే" అన్నారు బావగారు. కోపంలో ఎవరైనా అంటారు. ఈయన దాన్ని పుస్తకం చేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన మాత్రం అట్ట నుంచి అట్ట దాకా చదివి, "ఆదివారం పుస్తకాల షాపులో సంతకాలు పెడతాడట. వెళ్దాం" అన్నాడు.

"వెళ్లి నలుగురిలో కడిగేయండి. మీరు బతికే ఉన్నారని ఆయన నోటితోనే చెప్పించాలి."

"చెప్తే అన్నయ్య పరువేం కాను?"

పరువట! నేను బొట్టు పెట్టుకుని తిరుగుతుంటే జనం నన్నేమనుకోవాలి?

షాపులో వరస నెమ్మదిగా కదులుతోంది. మా వంతు వచ్చింది. బావగారు తలెత్తకుండానే పుస్తకం తెరిచారు.

"ఎవరికని రాయమంటారు?"

"తమ్ముడికి అని రాయి."

పెన్ను ఆగిపోయింది. తలెత్తిన ఆ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

మా వెనకున్న పెద్దావిడ ముందుకు వంగింది. "ఈయన తమ్ముడు నీకు తెలుసా బాబూ? మా తమ్ముడూ పోయాడు. ఈ పుస్తకం పక్కన పెట్టుకునే పడుకుంటున్నాను."

మా ఆయన ఆమెను చూశాడు, అన్నను చూశాడు.

"తెలుసండీ. మొండిఘటం. కానీ అన్నంటే ప్రాణం."

నేను ఆయన చెయ్యి గిల్లాను. పట్టించుకోలేదు.

"పోయే ముందు అన్నను చూడాలనుకున్నాడా?" అని అడిగింది పెద్దావిడ.

"ఒక్కసారి పలకరిస్తే చాలనుకున్నాడండీ."

బావగారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"వీడేనమ్మా మా తమ్ముడు. పోలేదు. పలకరించడానికి మొహం చెల్లక, పోయాడని రాసుకున్నాను."

ఆవిడ మా ఆయన్ని ఎగాదిగా చూసింది. చేతిలోని పుస్తకాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"మా వాడు నిజంగానే పోయాడు నాయనా" అని వెళ్లిపోయింది.

ఆమె వెనకే ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు కదిలారు. నేను కోరుకున్నది ఇదే. అయినా పరుగెత్తి ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది.

వరసలో మా ఆయన ఒక్కడే మిగిలాడు. వంగి, పడిపోయిన కుర్చీని లేపి నిలబెట్టాడు.

"కూర్చో అన్నయ్యా" అన్నాడు. "నాకింకా రాసివ్వలేదు."