పక్కతొట్టికి బరువు

కొండ కింద సొరంగం తెరుచుకున్నాక సముద్రపు పాయ మీద ఫెర్రీ ఆపేశారు. దాని ఇంజన్ గదిలోనే వయసంతా గడిపిన ఐలిఫ్‌కి ఆ రోజు నుంచీ కాలు నిలవలేదు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి ఖాళీ రేవు చూసేవాడు. సగం తాగి వదిలేసి షెడ్డులోకి పోయేవాడు. చలికాలానికి కావలసిన కట్టెలన్నీ కొట్టేసి, పక్కింటివాళ్ళవి కూడా కొట్టిపెట్టాడు. భార్య ఒడ్నీ బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి రోజూ ఏదో ఒక తలుపు బందులు ఊడదీసి ఉండేవి.

నవంబరులో అతని చూపు మోటార్ సైకిల్ మీద పడింది. ఏటా తొలి మంచు పడగానే దాని మీద దుప్పటి కప్పి, వసంతం దాకా మరిచిపోవడం అలవాటు. ఈసారి కప్పలేదు. జనవరిలో కొండల అవతల, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున, చలిలో బళ్ళు తోలే పిచ్చివాళ్ళంతా గుడారాలు వేసుకుని కలుస్తారు. అక్కడికి వెళ్తానన్నాడు. ఒడ్నీ వద్దనలేదు. ఇంట్లో తలుపులైనా మిగులుతాయనుకుంది.

షెడ్డుకి రోజూ వచ్చే మనిషి యూస్తైన్ ఒక్కడే. కుర్రతనం నుంచీ ఇద్దరూ వేసవి వస్తే బళ్ళేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి యూస్తైన్ ఎడమ చేతికి పట్టు పోయింది. క్లచ్ నొక్కలేక తన బండి అమ్మేశాడు. ఇప్పుడు పొయ్యి పక్కన కూర్చుని ఐలిఫ్ చేసే ప్రతి పనికీ వంక పెట్టేవాడు.

వంకలకి కొదవేం లేదు. మంచు మీద రెండు చక్రాల బండి నిలవదని ఐలిఫ్ ఒక పాత పక్కతొట్టి, అంటే ఒంటి చక్రపు సైడ్‌కారు, తెచ్చి కుడివైపు బిగించాడు. జారకుండా టైర్ల పైపొరకి పొట్టి ఉక్కు మేకులు దిగ్గొట్టాడు. గాలి అద్దం ఎత్తు పెంచాడు. చేతులు మణికట్టు దాకా దూర్చుకునేలా ఒడ్నీ గొర్రెతోలుతో హ్యాండిల్‌కి తొడుగులు కుట్టింది. ఎటొచ్చీ కరెంటే చాలడం లేదు. దీపాలు, వేడెక్కే హ్యాండిల్ పిడులు, లోపల తీగలు కుట్టిన వేడి కోటు, అన్నీ ఒకేసారి వేస్తే బ్యాటరీ పడిపోతోంది. తీగలు పీకాడు, మళ్ళీ కలిపాడు, మళ్ళీ పీకాడు. ఒకటి సరిపోతే ఇంకొకటి గుర్తొచ్చేది. ఖాళీ తొట్టి మలుపుల్లో పైకి లేస్తుందని చివరికి ఇసుక మూట ఒకటి కట్టి అందులో పెట్టాడు.

“ఆ మూటకంటే నేనే బరువురా. పైగా కబుర్లు కూడా చెప్తాను,” అన్నాడు యూస్తైన్.

“నీ కబుర్లకే బండి బోల్తా కొడుతుంది,” అని నవ్వాడు ఐలిఫ్.

యూస్తైన్ నవ్వలేదు. మర్నాడు షెడ్డుకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

వంక పెట్టేవాడు లేకపోయేసరికి ఐలిఫ్‌కి పని సాగలేదు. రెంచి తీయడం, కింద పెట్టడం. తననీ తీసుకెళ్ళమని యూస్తైన్ సరదాకి అడగలేదని ఒడ్నీ చెప్పింది. ఆ చలికి తట్టుకోలేడు, కొండ మీద మళ్ళీ ఏదైనా వస్తే ఎవరు చూస్తారు అని ఐలిఫ్ వాదించాడు. అవన్నీ నాకెందుకు, వెళ్ళి అతనికే చెప్పమంది ఒడ్నీ. ఐలిఫ్ వెళ్ళలేదు. చెప్పాలంటే ఆ పట్టులేని చేతిని చూడాలి. రెండేళ్ళుగా ఐలిఫ్ దాని వంక సూటిగా చూసిందే లేదు.

క్రిస్మస్‌కి ముందు ఒక మధ్యాహ్నం ఇసుక మూటతోనే బండి తీసి చూశాడు. ఒడ్డు వెంబడి రోడ్డు నున్నగా గడ్డకట్టి ఉంది. కుడి మలుపులో తొట్టి చక్రం గాల్లోకి లేచింది. బండి తిరగక, ఎడమవైపున ఎదురొచ్చే బళ్ళ దారిలోకి దూసుకుపోయి, అవతలి మంచు గుట్టలో కూరుకుపోయింది. ఎదురుగా ఏ వాహనమూ రాలేదు కాబట్టి సరిపోయింది. దెబ్బ తగల్లేదు కానీ బండి ఒక్కడి వల్ల కదల్లేదు. అక్కడికి యూస్తైన్ ఇల్లే దగ్గర. నడిచి వెళ్ళాడు.

యూస్తైన్ వంటింట్లో రొట్టె మీద చీజ్ ముక్క పెట్టుకుంటున్నాడు.

“బండి మంచులో ఉంది. లాగాలి,” అన్నాడు ఐలిఫ్.

“మూట సాయం చెయ్యలేదా?”

“మలుపులో వంగమంటే వంగదుగా.”

యూస్తైన్ కత్తి పక్కన పెట్టాడు. “కుడి మలుపులో కుడివైపుకే కదా వంగాలి. నా కుడి చెయ్యి బాగానే ఉంది. లోపల ఒక పిడి బిగిస్తే చాలు.”

“ఎప్పణ్ణించి ఆలోచిస్తున్నావిది?”

“నువ్వు తొట్టి తెచ్చిన రోజునించీ. నువ్వే అడుగుతావని చూశాను.”

ఐలిఫ్ కూర్చున్నాడు. ఆ ఎడమ చెయ్యి బల్ల మీద, తన ఎదురుగానే ఉంది. ఈసారి చూశాడు. “దారిలో నువ్వు పడిపోతే నేనేం చెయ్యనురా?”

“ఇక్కడ పడిపోతే ఏం చేస్తావో అదే చెయ్యి. అక్కడైతే పక్కనే ఉంటావు.”

డాక్టరమ్మ గొణిగింది కానీ, గంటగంటకీ ఆగాలన్న షరతు మీద సరేనంది. షెడ్డులో పని మళ్ళీ మొదటికొచ్చింది. వేడి కోటు యూస్తైన్‌కి. దానికి కరెంటు చాలాలంటే ఐలిఫ్ హ్యాండిల్ పిడుల వేడి వదులుకోవాలి. గొర్రెతోలు సరిపోతుందన్నాడు. సరిపోదని ఇద్దరికీ తెలుసు.

జనవరిలో బయలుదేరారు. కనుమ దగ్గర గాలి రేగి రోడ్డుకి అడ్డుకర్ర దించారు. మంచు తోసే బండి వెనక కార్లు వరసగా వెళ్ళాయి కానీ, ఈ గాలిలో మోటార్ సైకిళ్ళకి కుదరదన్నారు. పక్కనున్న కాఫీ అంగట్లో యూస్తైన్ మాంసం ఉండలు తిని కునుకు తీశాడు. ఐలిఫ్ తలుపు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం, అంతే. గాలి తగ్గి అడ్డుకర్ర లేచేసరికి హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు.

పైన మొదటి కుడి మలుపులో యూస్తైన్ పిడి పట్టుకుని సగం ఒళ్ళు బయటికి వాల్చాడు. చక్రం నేలని వదల్లేదు. ఇంజన్ మోతలో అతను తిడుతున్నాడో పాడుతున్నాడో ఐలిఫ్‌కి తెలియలేదు.

సరస్సు చేరేసరికి పొద్దు వాలింది. గుడారం వేశాక కూడా ఐలిఫ్ కూర్చోలేదు. ఎవరి బండికి ఏం బిగించారో చూస్తూ మంచు మీద అటూ ఇటూ తిరిగాడు. తిరిగొచ్చి, మంట దగ్గరున్న యూస్తైన్‌తో, వచ్చే ఏడు ఇంకా ఉత్తరానికి పోదామా అన్నాడు.

“ముందు నీ వేళ్ళు చూపించు.”

రెండు వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. యూస్తైన్ ఆ చేతిని లాగి తన చంకలో పెట్టుకుని, కదలకుండా బిగించి పట్టాడు. తిమ్మిరి వదిలి నొప్పి మొదలయ్యేదాకా ఐలిఫ్ అలాగే కూర్చోవలసి వచ్చింది.

ఈస్టరు నాటికి ఆ కొసల మీద కొత్త చర్మం వచ్చింది. అంతకంటే చాలా ముందే, ఇద్దరికీ సరిపడా కరెంటు పుట్టించే పెద్ద ఆల్టర్నేటర్ ఆ బండిలో పడుతుందా లేదా అని షెడ్డులో వాదులాట మొదలైంది.