మిల్లు మిట్ట మీద ఎడమవైపు

కారు ఆట ఆడే స్టీరింగును తెచ్చి తను పిండి పిసికే బల్లకు బిగించడం ఐరికి మొదటి రోజే నచ్చలేదు. మర బిగించిన చోట చెక్క అంచున రెండు నొక్కులు పడ్డాయి. గుడ్డతో ఎంత రుద్దినా పోలేదు.

ఆమె భర్త, టాక్సీ నడిపే ఒస్మో, పదిహేనేళ్ళుగా ర్యాలీ అనే కారు పందేల వీడియో ఆట ఆడుతున్నాడు. అయితే ఇంతకాలం అది గేమ్‌ప్యాడ్‌తోనే. సోఫాలో కాళ్ళు చాపుకుని రెండు బొటనవేళ్ళతో కార్లను అడవుల్లో దొర్లించి, విసుగు పుట్టగానే ఆపేసి, లేచి కాఫీ పెట్టుకునేవాడు. ఆ బొటనవేళ్ళు ఆటలో నేర్చుకున్నది ఇంకెక్కడా పనికివచ్చేది కాదు. నవంబరులో అతని తమ్ముడు రైనే తన పాత స్టీరింగును, మూడు పెడళ్ళను డబ్బాలో వేసి పట్టుకొచ్చాడు.

"యాభై దాటావు, ఇంకా చంటిపిల్లాడిలా వేళ్ళతో నడుపుతావేంటి?" అన్నాడు రైనే. "మొదటి నెల అన్ని చెట్లకీ గుద్దుతావు. నన్ను తిట్టుకుంటావు. తర్వాత చేతులకి వచ్చేస్తుంది. ఇక ఆలోచించక్కర్లేదు."

"ఆలోచించే అలవాటు ఈయనకి ఎప్పుడుందిలే," అంది ఐరి. ముగ్గురూ నవ్వుకున్నారు.

రైనే చెప్పినట్టే జరిగింది. స్టీరింగు ఒస్మో చేతుల్లో గింజుకునేది. తిన్నని దారిలో కూడా కారు పాములా వంకర్లు పోయేది. పెడళ్ళు వెనక్కి జారుతుంటే కట్టెల గదిలోంచి ఒక దిమ్మ తెచ్చి అడ్డం పెట్టాడు. బూట్లతో అయితే బ్రేకు కాలికి తెలియదని ఊలు మేజోళ్ళతోనే తొక్కేవాడు. క్రిస్మస్ నాటికి చెట్లకు గుద్దడం తగ్గింది. జనవరిలో ఒకరోజు ఐరి వంటగదిలోంచి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. వెనకనుంచి చూస్తే అతని భుజాలు, మెడ, మోచేతులు పెట్టుకున్న తీరు అచ్చం టాక్సీ నడిపేటప్పుడు ఉన్నట్టే ఉంది.

ఆటలో అతనికి అన్నిటికన్నా ఇష్టమైన రోడ్డు వాళ్ళ ఊరిదే. ఏటా ఆగస్టులో ఒకరోజు ఆ కంకర రోడ్డును రెండువైపులా మూసేసి నిజం కార్లతో ర్యాలీ నడుపుతారు. కోర్పిలా ఊరు ఊరంతా మడత కుర్చీలు, సాసేజీలు పట్టుకుని మిల్లు మిట్ట దగ్గర కూర్చుంటుంది. మిట్ట నెత్తిమీదే రోడ్డు ఎడమకు తిరుగుతుంది. అందుకని కార్లన్నీ ముందుగానే ఎడమ అంచుకు చేరి, అక్కడినుంచి గాల్లోకి లేస్తాయి. అవతల ఏముందో కనబడదు. కనబడాల్సిన పని కూడా ఉండదు, ఆ రోజు ఎదురుగా ఏ బండీ రాదు గనుక. ఆటలోనూ రాదు.

మామూలు రోజుల్లో అదే మిట్ట మీదుగా ఒస్మో ఊళ్ళో ముగ్గురు పిల్లల్ని టాక్సీలో బడికి తీసుకెళ్తాడు. ఆ దేశంలో డ్రైవరు కూర్చునేది ఎడమవైపు, బండి నడపాల్సింది కుడివైపు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పక్కింటి ఇల్మా గుడ్ల కోసం వచ్చింది. ఆ ముగ్గురిలో చిన్నది, ఏడేళ్ళది.

"మా నాన్న కారులో ఏం బాగోదు," అంది అట్టపెట్టెను రెండు చేతులతో పొదివి పట్టుకుని. "ఒస్మో అయితే మిట్ట దగ్గర పక్కకి జరుగుతాడు. అప్పుడు కడుపులో ఏదో ఎగురుతుంది."

"ఏ పక్కకి?"

ఇల్మా గడ్డంతో ఎడమవైపు చూపించింది.

"సరిగ్గా చెప్పమ్మా. నువ్వు కూర్చునే పక్కకా, ఒస్మో పక్కకా?"

"ఒస్మో పక్కకే. నేను అవతలి కిటికీ దగ్గర కూర్చుంటా కదా. నా పక్క చెట్లు దూరం పోతాయి."

ఆ సాయంత్రం చేపల సూపు వడ్డిస్తూ ఐరి అడిగింది. "మిట్ట దగ్గర ఎటువైపు నడుపుతున్నావు?"

"కుడివైపు. ఇంకెటు నడుపుతారు?"

"ఇల్మా ఎడమవైపు అంటోంది."

"పోయిన వారమే అది బూట్లు అటూ ఇటూ మార్చి తొడుక్కుని వచ్చింది. దాని మాటా?" అని ఒస్మో రొట్టె విరిచాడు.

అబద్ధమాడితే ఒస్మో ఎదుటి మనిషి కళ్ళలోకి చూడడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమెకు తెలిసిన విషయమది. ఇప్పుడు మాత్రం అతను నేరుగా ఆమెను చూస్తూనే చెప్పాడు. దాంతో ఐరి చెంచా పక్కన పెట్టేసింది.

మర్నాడు తెల్లవారేసరికి కొత్త మంచు కురిసి ఆగింది. మంచు తీసే బండి ఇంకా రాలేదు. టాక్సీ వెళ్ళిన కాసేపటికి ఐరి చక్రాలు లేని తోపుడు బండి తీసుకుని, ఒక కాలితో మంచును తన్నుకుంటూ, టాక్సీ గాడిలోనే జారుకుంటూ మిట్ట దాకా వెళ్ళింది. రోడ్డు మీద ఒక్క బండి జాడలే ఉన్నాయి. మిట్ట కింద అవి కుడివైపునే ఉన్నాయి. వంద అడుగుల తర్వాత నెమ్మదిగా నడిమధ్యకు వచ్చాయి, తర్వాత దాన్నీ దాటాయి. మిట్ట నెత్తిన ఎడమ చక్రం గాడి కాలవ గట్టుకు జానెడు దూరంలో ఉంది. ఎక్కడా వణుకు లేదు, జారిన గుర్తు లేదు. ఎవరో తాడు పట్టి గీసినట్టుంది. ఎక్కడైనా ఒక వంకర కనిపించి ఉంటే తనకు ఇంత భయం వేసేది కాదనుకుంది.

ఆమె కిందికి దిగి, తోపుడు బండిని చెట్టుకు ఆనించి నిలబడింది. పావుగంటకు ఖాళీ టాక్సీ తిరిగివచ్చి ఆగింది.

"ఇక్కడేం చేస్తున్నావే ముసలీ? గడ్డకట్టి పోతావు."

"దిగు. నాతో రా."

ఇద్దరూ పైకి నడిచారు. ఒస్మో జాడలు చూసి భుజాలెగరేశాడు. "ఇవి ఇప్పుడు వచ్చినవి. ఇంటికి వచ్చేటప్పుడు ఇది నా పక్కే కదా."

"అవును, వచ్చేటప్పుడు నీ పక్కే. మరి వెళ్ళినవేవి?"

అతను రెండో వైపు చూశాడు. అక్కడ మంచు దుప్పటి పరిచినట్టు ఉంది. ఒక కుందేలు దాటిన గుర్తులు తప్ప దాని మీద ఏమీ లేవు. ఒస్మో ఆ దుప్పటి వెంట, కింద తన జాడలు పక్కకు తప్పిన చోటిదాకా చూసి, మళ్ళీ పైకి చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను కుడివైపే వెళ్ళాను ఐరీ," అన్నాడు. "నాకు గుర్తుంది. పిల్లలు పాడుతున్నారు. నేను కుడివైపే ఉన్నాను."

"ఒంటిగంటకి బడి వదుల్తారు. మధ్యాహ్నం పిల్లల్ని రైనే తీసుకొస్తాడు. పద, టాక్సీ వాడికి అప్పజెబుదాం."

ఒస్మో తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. కారు దగ్గరికి వెళ్ళి పక్క సీటులో కూర్చున్నాడు. రైనే ఇల్లు మిట్టకు అవతల, బడి దగ్గర. ఐరి టాక్సీ తిప్పి కుడి అంచుకు ఎంత దగ్గరగా పట్టిందంటే కొమ్మల మంచు అద్దాలకు రాసుకుంది.

"ఇవాళే విప్పేస్తాలే ఆ స్టీరింగుని," అన్నాడు ఒస్మో కిటికీలోంచి చూస్తూ. "నొక్కులు పడ్డాయని నువ్వు అంటూనే ఉన్నావు. చెక్క సున్నితంగా చిత్రిక పడితే..."

మిట్ట మీద లైట్లు వెలిగాయి. పాల ట్యాంకరు నెత్తికెక్కి, ఎడమవైపు అంతా నిండిపోయి, కారును ఊపేస్తూ దాటిపోయింది. మంచు పొడి అద్దాన్ని కమ్మేసింది. వైపరు రెండుసార్లు తుడిచాక గాని ఐరికి రోడ్డు కనబడలేదు. అప్పుడామె పక్కకు చూసింది. ఒస్మో చేతులు మోకాళ్ళ మీద, గాల్లో స్టీరింగును పట్టుకున్నట్టు, ఎడమకు తిరిగి ఉన్నాయి.

అతనూ వాటినే చూస్తున్నాడు.

"ఇవాళ ఒక్కరోజే అని చెప్పకు రైనేకి," అన్నాడు.

"మరి ఎన్ని రోజులని చెప్పను?"

ఒస్మో జవాబు చెప్పబోయాడు. ఈలోగా మిట్ట దిగి రోడ్డు కుడికి తిరగడం మొదలైంది. అవి ఎటు తిరుగుతాయోనని ఇద్దరూ అతని చేతులకేసి చూశారు.